బిందె నీళ్లలో క్లోరిన్ చేసే పని, చేయలేని పని

(రోగుల వెంట వచ్చిన బంధువుల కోసం మన ఆసుపత్రిలో జరిగే ఆరోగ్య అవగాహన కూటంలో చేసిన ప్రసంగ పాఠం. చివర శ్రోతలు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు కూడా చేర్చాము.)

 

మీలో చాలామంది రాత్రంతా వార్డు బయట మేలుకొనే ఉన్నారని తెలుసు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. ఈ రోజు మాట్లాడుకోబోయేది తాగే నీళ్ల గురించి. "నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది, కాచి తాగమంటారు, అంతేగా" అని మీకు అనిపించవచ్చు. నిజమే, కాచి తాగమని మేమే చెబుతాము. కాని ఒక విషయంలో మాత్రం కాచడం వల్ల లాభం లేకపోగా నష్టం కొంత పెరుగుతుంది. పాలసీసా తాగే పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఆ విషయం తెలిసి ఉండాలి. తల్లి ఇక్కడ మంచం మీద ఉన్నప్పుడు ఇంటి దగ్గర బిడ్డకు పాలు కలిపేది మీరే. అమ్మమ్మో, నాయనమ్మో, పెద్దమ్మో, మేనత్తో. అందుకే ఈ మాట డాక్టర్లకంటే ముందు మీకు చేరాలి.

నీళ్లలో మనల్ని బాధపెట్టేవి రెండు రకాలు. ఒకటి ప్రాణమున్నది. కలరా, టైఫాయిడ్, విరేచనాలు, పచ్చకామెర్లు తెచ్చే సూక్ష్మక్రిములు ఈ రకం. రెండోది ప్రాణం లేనిది. నీటిలో పూర్తిగా కరిగిపోయి కంటికీ నాలుకకూ అందని లవణాలు. వీటిలో ఫ్లోరైడు పేరు మన పల్నాడులో అందరూ విన్నదే. నైట్రేటు పేరు విన్నవారు తక్కువ. మొదటి రకానికి క్లోరిన్ మందు. రెండో రకం మీద క్లోరిన్‌కు ఏ అధికారమూ లేదు.

క్లోరిన్ అంటే ఏదో పరాయి విషం అనుకోకండి. మనం కూరలో వేసుకునే ఉప్పులో సగానికి పైగా బరువు క్లోరిన్‌దే. ఉప్పునీటిలోకి కరెంటు పంపి క్లోరిన్ వాయువును విడదీస్తారు. ఆ వాయువును పొడిసున్నానికి పట్టిస్తే బ్లీచింగ్ పౌడరు అవుతుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలు చూసినవారికి సున్నం గురించి నేను చెప్పనక్కరలేదు. 1799లో స్కాట్లాండులో చార్లెస్ టెన్నెంట్ ఈ పొడికి హక్కులు పొందింది బట్టలు తెల్లబరచడానికి. మనుషుల ప్రాణాలు కాపాడటానికి వాడటం తర్వాతి సంగతి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసే ముందు క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని కట్టడి చేస్తే బాలింతల మరణాలు ఎంతో తగ్గాయి. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్‌లో టైఫాయిడ్ ప్రబలినప్పుడు నీటి గొట్టాలను దీనితోనే శుద్ధి చేశారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తన తాగునీటిలో ప్రతిరోజూ కలపడం మొదలుపెట్టింది. బైబిలు చదివేవారికి యెరికో నీళ్లలో ఎలీషా ప్రవక్త ఉప్పు వేసిన సంగతి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. అది దేవుని కార్యం. దానికి నేను రసాయన శాస్త్రం అంటగట్టబోవడం లేదు. ఉప్పు మాట వచ్చింది గనుక చెప్పాను.

బ్లీచింగ్ పౌడరు గాని క్లోరిన్ బిళ్ళ గాని నీటిలో పడగానే హైపోక్లోరస్ ఆమ్లం అనేది తయారవుతుంది. పేరు పెద్దదైనా అది చేసే పని సులభంగా అర్థమవుతుంది. సూక్ష్మక్రిమి పైపొరను దాటి లోపలికి వెళ్లి, లోపలి యంత్రాంగాన్ని కాల్చేసినట్టు చేస్తుంది. అయితే నీళ్లలో సున్నపు గుణం ఎక్కువైతే ఈ ఆమ్లంలో ఎక్కువ భాగం హైపోక్లోరైటు అనే రూపంలోకి మారుతుంది. అది క్రిమి లోపలికి అంత తేలికగా దూరలేదు. మన సున్నపురాయి నేలలో చాలా బోర్ల నీళ్లు ఇలాంటివే. అందుకే బిళ్ళ వేసిన వెంటనే తాగవద్దు, అరగంట ఆగాలి అంటాము. ఆ అరగంట మా చాదస్తం కాదండీ, క్రిమి చావడానికి పట్టే సమయం.

నీళ్లు బురదగా ఉన్నప్పుడు కూడా క్లోరిన్ తొందరగా పనిచేయదు. మట్టిరేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి. ముందు పటిక తిప్పి, తేరాక పైనీళ్లు వంచి, శుభ్రమైన గుడ్డతో వడగట్టి, ఆ తర్వాత బిళ్ళ వేయాలి. వెనుకటివాళ్లు చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేవారు. అదీ మంచి పద్ధతే. కాని తేరడం వేరు, క్రిములు చావడం వేరు. అద్దంలా మెరిసే నీళ్లలో కూడా టైఫాయిడ్ ఉండవచ్చు.

ఇక ఇక్కడ నత్రజని కథ మొదలవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో కాయ అమ్మిన రైతు చేతికి డబ్బు రాగానే ఏమవుతుంది? ముందు అప్పులవాళ్లు వచ్చి వాళ్ల వాటా పట్టుకుపోతారు. ఇంటికి చేరేది ఆ తర్వాత మిగిలిందే. నీళ్లలో వేసిన క్లోరిన్ పరిస్థితీ అంతే. నీళ్లలో మురుగు, మూత్రం, పేడ, కుళ్లిన ఆకు కలిసి ఉంటే వాటిలో అమ్మోనియా, ఇంకా ఇతర నత్రజని పదార్థాలు ఉంటాయి. క్లోరిన్ ముందుగా వాటితో కలిసిపోతుంది. లీటరు నీటిలో అమ్మోనియా రూపంలో ఒక్క మిల్లీగ్రాము నత్రజని ఉంటే, అది పూర్తిగా తీరడానికి సుమారు ఎనిమిది నుంచి పది మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. మన కుళాయి చివర ఉండవలసిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. చిటికెడు మురుగు చేరినా క్లోరిన్ అంతా అప్పులకే పోతుంది.

ఇలా అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ ఊరికే పోదు, క్లోరమైన్లు అనే పదార్థాలుగా మారుతుంది. వీటిలో మొదటిది మోనోక్లోరమైన్. అది కూడా క్రిములను చంపుతుంది, కాని చాలా నెమ్మదిగా. ఎక్కువకాలం నిలుస్తుంది గనుక పొడవైన గొట్టాలున్న కొన్ని విదేశీ నగరాల్లో కావాలనే దాన్ని తయారుచేసి కలుపుతారు. క్లోరిన్ పాళ్లు పెరిగేకొద్దీ డైక్లోరమైన్, ట్రైక్లోరమైన్ వస్తాయి. ముక్కుకు ఘాటుగా తగిలి కళ్లు మండించేవి ఇవే. ఈతకొలనుల్లో వచ్చే వాసన చాలావరకు వీటిదే. ఇంకా క్లోరిన్ కలుపుతూ పోతే ఒక హద్దు దాటాక ఈ క్లోరమైన్లు విరిగిపోతాయి, అమ్మోనియా నత్రజని వాయువై గాలిలోకి పోతుంది. ఆ హద్దు దాటిన తర్వాత వేసిందే స్వేచ్ఛగా మిగులుతుంది. దాన్నే మిగులు క్లోరిన్ అంటారు. నీటి శుద్ధి తెలిసినవాళ్లు ఎంత వేశామని కాక, అరగంట తర్వాత ఎంత మిగిలిందని చూస్తారు. మనమూ అదే అడగాలి. "ట్యాంకులో బ్లీచింగ్ వేశారా?" అనేది సగం ప్రశ్నే. "మా వీధి చివరి కుళాయిలో క్లోరిన్ ఉందా?" అనేది అసలు ప్రశ్న.

పుస్తకాల్లో వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు అని రాసి ఉంటుంది. ఆ లెక్క తేటగా ఉన్న నీటికి, తాజా పొడికి. తాజాగా ఉన్నప్పుడు ఆ పొడిలో మూడోవంతు వరకు పనిచేసే క్లోరిన్ ఉంటుంది. మూట విప్పి ఎండ తగిలేచోట, తేమ తగిలేచోట ఉంచితే రోజురోజుకూ బలం తగ్గిపోతుంది. తెల్లగా ఉంది కదా అని చల్లితే ఒక్కోసారి సున్నం చల్లినట్టే అవుతుంది. పండుగ ముందు ముగ్గు వేసినట్టు కాలువల పక్కన గీతలు గీయడం వల్ల ఫొటోలు బాగా వస్తాయేమోగాని, కుళాయి నీళ్లలో క్రిములు చావవు.

దీని ఫలితం ఎలా ఉంటుందో మనం దూరం వెళ్లి చూడనక్కరలేదు. 2018 మార్చిలో గుంటూరు పాతనగరంలోని ఆనందపేట తదితర ప్రాంతాల్లో తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరి అతిసారం ప్రబలింది. వందలాదిమంది ఆసుపత్రుల్లో చేరారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2024లో మన జిల్లాలోనే పిడుగురాళ్లలో, దాచేపల్లిలో అతిసారం కేసులు వచ్చాయి. ఇలాంటి చోట్ల జరిగేది సాధారణంగా ఒకటే. గొట్టంలో నీళ్లు ఆగిన వేళ లోపలి ఒత్తిడి పోతుంది. పక్కనే మురుగుకాలువ, గొట్టానికి పగులు. నీళ్లు వదలని గంటల్లో మురుగు లోపలికి చేరుతుంది. ట్యాంకు దగ్గర వేసిన క్లోరిన్ ఆ మురుగులోని నత్రజనికే సరిపోతుంది. కుళాయి దగ్గర పరీక్షిస్తే సున్నా. అందుకే నేననేది, నిన్నటిదాకా ఉన్న క్లోరిన్ ఈ రోజు మాయమైతే ఏదో వచ్చి కలిసిందన్నమాట. జ్వరం లాగా అది ఒక గుర్తు. ఎవరికీ విరేచనాలు మొదలుకాకముందే కనిపించే గుర్తు.

ఆ పరీక్ష కష్టమైనదేమీ కాదు. చిన్న గాజుగొట్టంలో నీళ్లు పోసి రెండు మూడు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ఇది పాత పద్ధతి. వేసిన వెంటనే, అంటే పది సెకన్లలోపు వచ్చిన రంగు స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ది. ఆగి ఆగి నెమ్మదిగా వచ్చే రంగు క్లోరమైన్లది. ఇప్పుడు గులాబీ రంగు వచ్చే డీపీడీ అనే మందు వాడుతున్నారు. అది మేలైనది. జల్ జీవన్ మిషన్ 2019లో మొదలయ్యాక, ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలని నిర్ణయించారు. మీ ఊళ్లో ఆ మహిళలు ఎవరో కనుక్కోండి. మీ కోడలే కావచ్చు.

ఇంతవరకు చెప్పింది నత్రజని అమ్మోనియాగా ఉన్నప్పటి కథ. అదే నత్రజని భూమిలోకి దిగితే ఇంకో వేషం వేస్తుంది. మట్టిలోని బాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. పైరు తీసుకునేది ముఖ్యంగా ఈ నైట్రేటునే, కాబట్టి అది చెడ్డదేమీ కాదు. కాని పైరు తీసుకోగా మిగిలింది నేలలో నిలవదు. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. వాన పడినా, నీళ్లు పెట్టినా కరిగి కిందికి దిగి బోరులో చేరుతుంది. యూరియా, పెంటదిబ్బ, గేదెల కొట్టం, అడుగు లేని మరుగుదొడ్డి గుంట, అన్నిటి దారీ అక్కడికే.

ఒక చిన్న లెక్క చెబుతాను. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అదంతా నైట్రేటుగా మారితే 90 కిలోలకు పైగా అవుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయం. ఆ లెక్కన ఒక్క బస్తా సుమారు 20 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుదాకా తీసుకురాగలదు. బస్తా అంతా నీటిలోకి పోదు, నిజమే. పైరు కొంత తింటుంది, కొంత గాలిలో కలుస్తుంది. కాని మన మిర్చి, పత్తి చేలలో ఎకరాకు ఎన్ని బస్తాలు పడుతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

కేంద్ర భూగర్భజల మండలి 2024 నాణ్యత నివేదికలో దేశమంతటా 15,259 చోట్ల తీసిన నీటి నమూనాల ఫలితాలు ఉన్నాయి. వాటిలో ఇంచుమించు ప్రతి ఐదింటిలో ఒకటి నైట్రేటు హద్దు దాటింది. 440 జిల్లాల్లో ఈ సమస్య కనిపించింది. ఎక్కువగా దెబ్బతిన్న 15 జిల్లాల పేర్లు ప్రత్యేకంగా చెప్పారు. తెలంగాణ నుంచి రంగారెడ్డి, ఆదిలాబాద్, సిద్దిపేట ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒకే ఒక్క జిల్లా. అది మన పల్నాడు. ఇది విని భయపడి ఈ రాత్రి నీళ్లు తాగడం మానవద్దు. ప్రతి బోరూ చెడ్డదని దాని అర్థం కాదు. పక్కపక్క బోర్లలో కూడా తేడా ఉంటుంది. మన బోరు సంగతి పరీక్ష చేయిస్తే తప్ప తెలియదన్నదే దాని అర్థం.

ఇప్పుడు పసిబిడ్డ దగ్గరికి వస్తాను. ఆరు నెలలు నిండని బిడ్డ కడుపులో ఆమ్లం తక్కువ. అక్కడ పెరిగే బాక్టీరియా నైట్రేటును వెనక్కి నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు రక్తంలోకి వెళ్లి, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. అది ప్రాణవాయువును మోయలేదు. మార్కెట్టుకు బయలుదేరిన లారీల్లో కొన్ని దారిలోనే ఆగిపోయినట్టు. పెద్దవాళ్ల రక్తంలో ఆ లారీలను బాగుచేసే ఎంజైము సమృద్ధిగా ఉంటుంది, పసిబిడ్డకు ఇంకా సరిగా రాదు. బిడ్డ పెదవులు, గోళ్లు, నోటి చుట్టూ బూడిదరంగు కలిసిన నీలంగా మారతాయి. పాలు తాగడం తగ్గుతుంది, మందకొడిగా పడుకుంటుంది లేదా ఆయాసపడుతుంది. పరీక్షకు తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. ప్రాణవాయువు పెట్టినా నీలం తగ్గదు. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హంటర్ కామ్లీ అనే డాక్టరు, బావినీళ్లతో కలిపిన పాలు తాగిన పిల్లల్లో దీన్ని గుర్తించి రాశారు. అప్పటినుంచి నీలిబిడ్డ జబ్బు అనే పేరు వచ్చింది.

మన దగ్గర ఇలా జరిగితే ముందుగా గుండె జబ్బనో, న్యుమోనియా అనో అనుమానిస్తారు. ఆ అనుమానం తప్పు కాదు, అవి ఎక్కువగా వచ్చేవి. అందుకే మీరు చేయవలసిన సాయం ఒకటుంది. నీలంగా మారిన పసిబిడ్డను తీసుకువస్తే, డాక్టరు అడగకముందే చెప్పండి: "బిడ్డకు పోతపాలు పడుతున్నామండీ, బోరు నీళ్లతో కలుపుతున్నాము." ఈ ఒక్క మాటతో వైద్యం దారి మారవచ్చు. దీనికి మిథిలిన్ బ్లూ అనే మందు ఉంది. ఆసుపత్రిలో నరానికి ఇస్తారు. కొందరు పిల్లల రక్తంలో పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉంటుంది, వాళ్లకు అది పడదు. కాబట్టి ఇంటి దగ్గర చేసే వైద్యం కాదు. ఆలస్యం చేయకుండా తీసుకురావాలి.

మరి కాచిన నీళ్లు? క్రిములు చస్తాయి. నైట్రేటు మాత్రం ఆవిరిగా పోదు. మూడు లీటర్ల నీళ్లలో లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేటు ఉందనుకోండి. ఇది హద్దులోపలే. బిడ్డకు కదా, బాగా మరగాలని పొయ్యిమీదే వదిలేసి రెండు లీటర్లు చేశారు. ఇప్పుడు లీటరుకు 60 అయింది, హద్దు దాటింది. శ్రద్ధగా చేసిన పనే. ప్రేమతో చేసిన పనే. పులుసు మరిగితే ఉప్పు ఎక్కువైనట్టు అన్నమాట. కాచినప్పుడు తెర్లు వచ్చాక ఒక నిమిషం చాలు, దించి మూతపెట్టి చల్లార్చండి. మళ్లీ మళ్లీ అదే నీళ్లు మరిగించవద్దు. క్లోరిన్ బిళ్ళ కూడా నైట్రేటును తీయదు. పైగా నీళ్లలో నైట్రైటు ఉంటే క్లోరిన్ దాన్ని నైట్రేటుగా మార్చేస్తుంది. గుడ్డతో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా, అల్ట్రావయొలెట్ దీపం ఉన్న యంత్రంలో పోసినా నైట్రేటు అలాగే ఉంటుంది. ఆర్వో యంత్రం చాలావరకు తీస్తుంది.

అన్నిటికంటే మేలైనది తల్లిపాలు. తల్లి నైట్రేటు ఉన్న నీళ్లు తాగినా పాలలోకి పెద్దగా రాదు. ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కరలేదని మేము ఎప్పుడూ చెప్పే మాటకు ఇది ఇంకో కారణం. తల్లి ఇక్కడ చేరినా, ఆమె పరిస్థితి ఒప్పుకుంటే బిడ్డను తెచ్చి పట్టించవచ్చా, పాలు పిండి ఇవ్వవచ్చా అని నర్సును అడగండి. అడిగితే విసుక్కుంటారని మొహమాటపడవద్దు. పోతపాలు తప్పనిసరి అయితే పరీక్ష చేయించిన నీళ్లు, లేదా కాలువ నుంచి వచ్చి శుద్ధి అయిన పురపాలక సంఘం నీళ్లు, లేదా ఆర్వో నీళ్లు తీసుకుని ఒకసారి కాచి చల్లార్చి వాడండి. సాగర్ కాలువ నీళ్లలో సాధారణంగా నైట్రేటు బోరు నీళ్లకంటే తక్కువ, కాని క్రిములు ఉంటాయి గనుక క్లోరిన్ తప్పదు. ఒకదానిలో ఒక భయం, ఇంకోదానిలో ఇంకో భయం. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్ఎస్ కలపడానికి కూడా ఇదే జాగ్రత్త. అయితే మంచి నీళ్లు దొరకలేదని ఓఆర్ఎస్ మాత్రం ఆపవద్దు. ఒంట్లో నీరు తగ్గిపోవడం నైట్రేటుకంటే త్వరగా ప్రాణం తీస్తుంది.

ఇంకొక్క సంగతి, ఇది నీళ్లు తాగడం గురించి కాదు, కడగడం గురించి. ఇంటికి రోగిని తీసుకువెళుతున్నామని బాత్‌రూమ్ శుభ్రంగా ఉండాలని బ్లీచింగ్ చల్లి, దానిమీద యాసిడ్ పోసేవాళ్లు ఉన్నారు. రెండు మందులు కలిస్తే రెట్టింపు శుభ్రం అనుకుంటారు. యాసిడ్ తగలగానే బ్లీచింగ్‌లోని క్లోరిన్ అంతా వాయువుగా బయటికి వస్తుంది. మూసిన బాత్‌రూమ్‌లో ఆ వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది. మూత్రం నిలిచినచోట, పశువుల కొట్టంలో బ్లీచింగ్ గట్టిగా చల్లినా ఇందాక చెప్పిన క్లోరమైన్లు ఘాటుగా లేస్తాయి. ముందు నీళ్లతో బాగా కడిగి, తలుపులు తీసి, ఏదో ఒక్కటే వాడండి. పొరపాటున పీల్చి దగ్గు, ఛాతీలో మంట వస్తే వెంటనే బయటి గాలికి తీసుకువచ్చి ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం పెరగవచ్చు.

కిడ్నీ రోగుల బంధువులకు ఒక మాట. క్లోరిన్, క్లోరమైన్ ఉన్న కుళాయి నీళ్లు తాగితే ఏమీ కాదు, కడుపులోనే అవి విరిగిపోతాయి. డయాలసిస్‌లో మాత్రం ఒక్కో విడతకు 120 లీటర్ల వరకు నీరు పలచని పొర అవతలి నుంచి రక్తాన్ని ఆనుకుని పోతుంది. అక్కడ క్లోరమైన్ ఉంటే ఎర్రకణాలు పగిలిపోతాయి. 1987లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక డయాలసిస్ కేంద్రంలో అలా జరిగింది. అందుకే ఆ నీళ్లను బొగ్గు ఫిల్టర్లలో పోసి, పరీక్ష చేశాకే యంత్రానికి పంపుతారు. మీరు డయాలసిస్ ఎక్కడ చేయించుకున్నా, "నీళ్లలో క్లోరిన్ పరీక్ష ఈ రోజు చేశారా?" అని అడగడం తప్పు కాదు.

శ్రోతలు అడిగిన ప్రశ్నలు

*మా ఊరి బావి నీళ్లు మా తాతల కాలం నుంచి తాగుతున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడెందుకు భయం, డాక్టరుగారూ?*

పెద్దమ్మా, మీ తాతల కాలంలో ఆ బావి చుట్టూ యూరియా లేదు, ఇంటికొక మరుగుదొడ్డి గుంట లేదు. పసిబిడ్డకు డబ్బాపాలు లేవు. బావి అదే గాని నీళ్లు అవే కావు. ఇంకోటి, పెద్దవాళ్లకు ఈ నీలం జబ్బు రావడం అరుదు. మనం తినే ఆకుకూరల్లో కూడా నైట్రేటు ఉంటుంది, తట్టుకుంటాము. నేను ముఖ్యంగా చెబుతున్నది ఆరు నెలల లోపు బిడ్డ గురించి. గర్భిణులు కూడా జాగ్రత్తగా ఉండటం మంచిది.

*ఇరవై లీటర్ల క్యాను నీళ్లు కొంటున్నాం. ఇక ఏ బాధా లేనట్టేనా?*

అవి నిజంగా ఆర్వో నీళ్లయితే నైట్రేటు బాధ తగ్గుతుంది. కాని వాటిలో సాధారణంగా మిగులు క్లోరిన్ ఉండదు, కాపలాదారు లేని ఇల్లు లాంటివి. పాచిపట్టిన క్యాను, చెయ్యి ముంచే చెంబు, మూత లేని కుండ, వీటిలో దేనివల్లనైనా క్రిములు చేరితే చంపేవాళ్లు లేరు. క్యానుకు కుళాయి బిగించుకోండి, లేదా పొడుగు కాడ గరిటెతో తీసుకోండి. రెండు మూడు రోజులకంటే ఎక్కువ నిలవ ఉంచవద్దు.

*క్లోరిన్ బిళ్ళ ఎన్ని లీటర్లకు ఒకటి?*

బిళ్ళలు రకరకాల బలాల్లో వస్తాయి. అట్టమీద రాసినదే చూడండి, చదవడం రాకపోతే ఆశా కార్యకర్త చేత చదివించుకోండి. ఇరవై లీటర్ల బిళ్ళను చిన్న బిందెలో వేసి "వాసన" అని పారబోసేవాళ్లూ ఉన్నారు. సరైన కొలతలో వేసి, అరగంట మూతపెట్టి ఉంచితే వాసన భరించలేనంత ఉండదు. ఘాటుగా కళ్లు మండేలా ఉంటే ఆ నీళ్లలో మురుగు ఉందేమో అనుమానించాలి.

*బోరు నీళ్లు పరీక్షకు ఎలా తేవాలి?*

గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలల్లో పరీక్షిస్తారు. మీ పంచాయతీ కార్యదర్శిని గాని ఇంజనీరింగ్ అసిస్టెంటును గాని అడిగితే ఎక్కడో చెబుతారు. నైట్రేటుకు, ఫ్లోరైడుకు లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. బోరు ఐదు నిమిషాలు ఆడించి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. ఎండలో పెట్టకుండా ఆ రోజే ఇవ్వండి. క్రిముల పరీక్షకు మాత్రం ఇలా పట్టినది పనికిరాదు, వాళ్లే ఇచ్చే శుద్ధి చేసిన సీసాలో పట్టాలి. సీసామీద ఊరు, బోరు ఎవరిది, ఎంత లోతు, పక్కన మరుగుదొడ్డి గుంట ఎన్ని అడుగుల దూరంలో ఉంది అనేవి రాయండి. వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయిస్తే మంచిది. ఇంట్లో కాన్పు ఉందనుకుంటే, ఏడో నెలలోనే చేయించండి.